మూసీ వంతెన కింద మూట

నా పెళ్ళి మూసీలో కొట్టుకుపోబోయిన కథ ఇది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పోలీసు యాక్షన్‌కు మిలిటరీ వచ్చిన కొత్తలో సూర్యాపేటలో ఎక్కడ విన్నా వంతెనలు పేల్చేస్తారన్న పుకార్లే. మూసీ వంతెనకు ఒక జవానును, అతనికి తోడుగా చేతికర్రతో నన్నూ కాపలా పెట్టారు. ఆ కర్ర పట్టుకున్నాక నాకు మేకల మీద కూడా అనుమానమే.

ఒక పొద్దున వంతెనకు కట్టిన తాడు కనిపించింది. దాని కొసన, నీళ్ళలో, బరువైన గోనె మూట.

"బాంబే," అన్నాను. జవాను తలూపి దూరంగా జరిగాడు. నేనే దేవుణ్ణి తలచుకుని మూటను లాగి, ఒడ్డున ఇసుకలో పాతి, పైన బండ పెట్టాను. బాంబులు తెలిసిన మనిషి మిర్యాలగూడ నుంచి రావాలన్నారు. అప్పటిదాకా వంతెన బంద్.

మర్నాడు సాయంత్రం మా మేనమామ బండి కట్టుకుని వచ్చాడు. ఆయన పొలం ఆ ఒడ్డునే. ఆయన కూతురిని నాకు ఇవ్వాలా వద్దా అని అప్పటికి ఏడాదిగా ఆలోచిస్తున్నాడు.

"ఎందుకాపిండ్రు అల్లుడా?"

"బాంబు దొరికింది మామా. నేనే పట్టిన."

"నువ్వా?" అంటూ మామ నన్ను మొదటిసారి మెచ్చుకోలుగా చూశాడు. ఇక పెళ్ళి ఖాయమనుకున్నాను. అంతలో ఆయన వంతెన కిందికి వంగి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"నా మూట ఎవడో ఎత్తుకపోయిండు. నారు పోద్దమని వడ్లు నానేసిన. ఇంట్ల ఇంకో గింజ లేదు. ఈ యేడు ఇగ నాట్లు లేనట్టే."

మీకు అర్థమైపోయింది. నాకు కాలేదు.

"పరేషాన్ కాకు మామా. దొంగను నేను పట్టుకొస్త. నాకు ఆ జవాను మీదనే అనుమానం. మూట ఎట్లుండె?"

"గోనె మూట. కొబ్బరి తాడు."

"బాంబు గూడ గట్లనే..." అని ఆగిపోయాను.

నా చూపు వెంటే మామ ఇసుకలోని బండ దగ్గరికి నడిచాడు. "పోకు మామా, పేలతది," అని వెనక నుంచి అంటూనే ఉన్నాను. ఆయన బండ దొర్లించి మూట విప్పాడు.

"పేలింది అల్లుడా. జర వచ్చి సూడు."

వడ్ల నిండా తెల్లటి మొలకలు, గుప్పున నానిన వాసన. మొలకల కోసం వడ్లు నానేసి, తీసి, బరువు కింద పెట్టడం మా ఇంట్లో ఏటా చేసే పనే. చేతులకు గుర్తుంది, బుర్రకే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"మొలక మంచిగొచ్చింది. పిల్లనిస్త. గని, ఆ కర్ర గీడనే పెట్టిపో," అన్నాడు మామ.

ఆ పంట బియ్యమే మా పెళ్ళిలో వండారు. మామ ప్రతి విస్తరి దగ్గరా ఆగి, "భయపడకుండ తినుండ్రి, పేలదు," అన్నాడు. ఆ పందిట్లోనే మూసీ మీద ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఏ మూట కనిపించినా ముందు వాసన చూస్తాను.