ఎడమ పక్కన దిగిన ఆవిరి పడవ

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన మరుసటి ఏడు మాట. కొత్తపేటలో రెండు రాత్రుల తోలుబొమ్మలాటకు మా మేళాన్ని పిలిచారు. మేళానికి పెద్ద మా మావగారు. బొమ్మలు కోసి రంగులద్దేది నేను. ఆనకట్ట పనుల దగ్గర దొరల ఆవిరి యంత్రాన్ని చూసి వచ్చాక నేనొక కొత్త కథ కట్టాను. చంద్రలోకపు వాడొకడు ఆవిరితో ఎగిరే పడవలో కాట్రేనికోన తీరాన దిగుతాడు. ఉప్పు పండించే అమ్మాయిని ప్రేమించి, పడవలో ఎక్కించుకుని ఎగిరిపోతాడు. జనానికి నచ్చకపోతే ఆ బొమ్మల తోలు కోసి వేరే వాటికి వాడతానని మావగారు ముందే చెప్పారు.

మా వృత్తిలో ఒక కట్టుబాటుంది. మంచివాళ్లు తెర మీదికి కుడి నుంచి వస్తారు, రాక్షసులు ఎడమ నుంచి. నావాడు దేవుడు కాడు, రాజూ కాడు కాబట్టి ఎడమ నుంచే రావాలన్నారు మావగారు. కుడి నుంచి రానిద్దామన్న నా మాటను మేళం అందరి ముందూ తీసి పారేశారు. అది నేను ఈనాటికీ మరిచిపోలేదు.

మొదటి రాత్రి పడవ వెనక సాంబ్రాణి పొగ వదిలితే జనం నోళ్లు తెరుచుకుని చూశారు. ప్రేమ దగ్గరికి వచ్చేసరికి అంతా చెడింది. ఆడపిల్లను ఎగిరే రథంలో ఎత్తుకుపోయే రాక్షసుణ్ణి వాళ్లు ఎన్నో ఆటల్లో చూశారు. నావాణ్ణి కూడా అలాగే తిట్టిపోశారు.

తెల్లవారాక మావగారు కత్తి పట్టుకుని వచ్చారు. "పొగ బాగుందల్లుడూ. మిగతాది తోలు దండగ."

పొగ వదిలింది ఆయన కొడుకు. మెచ్చుకోలు వాడికి, తిట్లు నాకు. బొమ్మలు ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను. తెర గుంజలకు కొబ్బరితాళ్లు ఇచ్చిన సూరమ్మగారు అటుగా వస్తే, ఆటలో మంచీ చెడ్డా చెప్పమన్నాను. పడవ బాగుందంది, చందమామ ఇంకా బాగుందంది.

"మరి వాణ్ణెందుకు తిట్టేరు? ఎడమ నుంచి వచ్చేడనేగా?"

"ఎటునుంచి వత్తే ఏటండీ? ఆ పిల్లని, వత్తావా అని ఒక్క మాటడిగేడా?"

"ప్రేమించేడు కదండీ."

"ఆడు ప్రేమించేడు. ఆ పిల్ల సంగతేటి? ఉప్పుగంపలా ఎత్తి పడవలో పెట్టేరు."

ఒళ్లు మండింది. అయినా బొమ్మలు తిప్పి చూశాను. వాడికి భుజాల దగ్గరా మోకాళ్ల దగ్గరా కీళ్లున్నాయి. ఆ పిల్ల ఒకే ముక్క, కదలలేదు. ఆ పగలంతా కూర్చుని ఆమె చేతులూ కాళ్లూ విడిగా కోసి దారంతో ముడులు వేశాను.

రెండో రాత్రి పురాణానికి ముందు నా కథ మళ్లీ ఆడతానన్నాను. మావగారు వద్దన్నారు. నేను తెర దగ్గర్నుంచి లేవలేదు. చివరికి విసుగెత్తి, "ఆడుకో. వాడు మాత్రం కుడి నుంచి రాడు," అన్నారు.

"ఆయ్. ఆ పిల్లే ఎడమకి వెళ్తుందండి."

దీపాలు పెట్టాక పడవ ఎడమ పక్కనే దిగింది. వాడు వస్తావా అని అడిగి ఊరుకున్నాడు. తిట్టబోయినవాళ్లు ఆగారు. తిరిగి రావడానికి దారి ఉందా అని ఆ పిల్ల అడిగింది. పడవ నడపడం నేర్పుతావా అని అడిగింది. వాడు ఒప్పుకున్నాక కుడి నుంచి తెరంతా దాటి, మోకాలు మడిచి, తనే పడవెక్కింది.

"ఇప్పుడెళ్లమనండి," అంది ముందు వరసలోంచి సూరమ్మగారు. జనం నవ్వి సాగనంపారు.

పడవ ఎంత వింతదైనా ప్రేమను అది మోయలేదని నాకు తెలిసింది. ఆనాటి నుంచి ఏ కథకైనా ముందు ఆడబొమ్మనే కోస్తున్నాను. ఆట బాగుందని మావగారు పోయేదాకా అనలేదు. అడగడం నేనూ మానలేదు.