ఎడమ చుట్టుకు కుడి చుట్టు

కొత్తవాడలో జంపఖానాల దుకాణం నడుపుకునే ఆడమనిషికి సముద్రంలో ఈదే అవసరం ఏమొచ్చిందని తిరుమలను అడగనివాళ్లు ఆ బజారులో లేరు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో మరి. ఆమెకు నలభై నాలుగేళ్లు. షుగరు వచ్చీ రానట్టు హద్దు మీద కూర్చుంటే, రోజూ నడవమని దవాఖానలో చెప్పారు. నడిచింది. నడక విసుగొచ్చి వడ్డేపల్లి చెరువు కట్ట మీద పరుగెత్తింది. అక్కడ సైకిలు తొక్కేవాళ్లు తగిలితే సైకిలు కొనుక్కుంది. వాళ్లే ఒకనాడు విశాఖ తీరంలో జరిగే ట్రయథ్లాన్ సంగతి చెప్పారు. సముద్రంలో రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఈత, ఒడ్డెక్కగానే తొంభై కిలోమీటర్ల సైకిలు, అది దిగగానే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. అన్నీ ఒక్క రోజులో, ఒకదాని వెంట ఒకటి. ఈత మాట వినగానే తక్కినవాళ్లంతా వెనక్కి తగ్గారు. తిరుమలకు మాత్రం ఆ మూడింటిలో అదొక్కటే తేలిగ్గా తోచింది. ఆమె బావిలో ఈత నేర్చిన మనిషి.

వర్ధన్నపేట దగ్గర ఆమె తండ్రి మొగిలయ్యకు మూడెకరాల పొలం ఉంది. అందులో గుండ్రటి పెద్ద బావి, చుట్టూ మోకాలెత్తు గోడ, నీళ్లలోకి రాతి మెట్లు. తిరుమలకు ఏడేళ్లప్పుడు నడుముకు బెండు కట్టి, మెట్ల మీద నుంచి నీళ్లలోకి నెట్టింది ఆయనే. నెట్టేముందు ఒక్క నియమం చెప్పాడు.

“ఈ బావే మనకు అన్నం పెడుతాంది బిడ్డా. గుడి చుట్టు ఎట్ల తిరుగుతమో దీంట్ల గూడ అట్లనే తిరగాలె. కుడి దిక్కే.”

అట్లాగే తిరిగింది. పెళ్లయ్యాక పాతికేళ్లు ఆ బావి ముఖం చూడని మనిషి, ఈ పోటీ కోసం మళ్లీ అందులో దిగింది. హనుమకొండలో ఈతకొలను ఉంది కానీ, ఆడవాళ్లకు ఇచ్చిన సమయం సరిగ్గా దుకాణం తెరిచే సమయం. బావికైతే తాళం లేదు, టికెట్టు లేదు. వారానికి మూడు రోజులు తెల్లవారుతుండగా సైకిలెక్కి పాతిక కిలోమీటర్లు తొక్కి పొలం చేరేది. గోడ వెంబడి అరవై చుట్లు ఈదితే పోటీలో ఉన్నంత దూరం అయ్యేది. మొగిలయ్య మోటారు పక్కన కూర్చొని, ఒక్కో చుట్టుకు ఒక్కో చింతగింజను ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మార్చేవాడు. ఆ పైన జొన్నరొట్టె తిని, మళ్లీ పాతిక కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చి దుకాణం షట్టరు ఎత్తేది.

ఇక నిరుటి భాగోతం. ఈతకు డెబ్బై నిమిషాలు గడువు. అది దాటితే చీలమండకు కట్టిన టైమింగ్ పట్టీ విప్పేసి ఇంటికి పంపిస్తారు. తిరుమల నీళ్లలో దిగింది, తల దించింది, బావిలో ఈదినట్టే ఈదింది. కాసేపటికి చిన్న పడవలో ఒక కుర్రాడు ఆదరాబాదరా తెడ్డేసుకుంటూ వచ్చాడు.

“మేడం, అటు కాదండీ. పోటీ ఇటు జరుగుతోంది,” అన్నాడు.

అతను అలా ఐదుసార్లు వచ్చాడు. ఐదోసారికి అతనికీ నవ్వు ఆగలేదు. ఒడ్డెక్కేసరికి డెబ్బై నాలుగు నిమిషాలు. ఒకమ్మాయి ఎంతో మర్యాదగా వంగి పట్టీ విప్పింది. పురుటినొప్పులప్పుడు కూడా పంటి బిగువున ఓర్చుకున్న తిరుమల, ఆ పట్టీ విప్పుతుంటే అందరి ముందూ ఏడ్చింది. తనంతట తాను కోరుకొని మొదలుపెట్టిన పని జన్మకు అదొక్కటే. అది కాస్తా మొదటి మెట్టు మీదే బోర్లాపడింది.

అంతటితో అయిపోతే బాగుండేది. ఆమె మొగుడు భాస్కర్ మంచివాడే కానీ తొందర మనిషి. పోటీ ఆదివారం, ఫ్లెక్సీలు వేసే దుకాణానికి ఆదివారం సెలవు. అందుకని శనివారమే ఫ్లెక్సీ వేయించి బజారు మొదట్లో కట్టించాడు. ‘సముద్రాన్ని జయించిన కొత్తవాడ ఆడబిడ్డ తిరుమలక్కకు శుభాకాంక్షలు’ అని పెద్ద అక్షరాలు. కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల ఫోటోలు పదకొండు, మూలన చిన్నగా తిరుమలది ఒకటి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. తిరిగొచ్చిన తిరుమల ఆ ఫ్లెక్సీ కింది నుంచే దుకాణానికి నడిచి వెళ్లింది. అది విప్పడానికి నిచ్చెన దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది.

“మల్ల పోతాన,” అంది పదో రోజున. “ఈసారి ఫ్లెక్సీ వేస్తే ఇంట్ల నీకు అన్నం ఉండది.”

భాస్కర్ ఫ్లెక్సీని మడిచి మామకు పంపించాడు. మొగిలయ్య దాన్ని బావి మోటారుకు వాన తగలకుండా కప్పాడు, అక్షరాలు లోపలికి ఉండేట్టు.

తప్పెక్కడ జరిగిందో ఆమె చేతి గడియారమే పట్టిచ్చింది. ఈదిన దారినంతా అది ఫోనులో గీత గీసి చూపిస్తుంది. పోటీ దారి మూడు మూలలది. తిరుమల గీత మాత్రం ఎక్కడికక్కడ మెలికలు పడి ఉంది. భాస్కర్ దాన్ని చూసి జిలేబీ అన్నాడు. తిరుమల ఇంకాస్త పరీక్షగా చూసింది. మెలికలన్నీ ఒకే వైపు. ఎంత తిన్నగా వెళ్దామన్నా గీత కుడికే ఒరిగింది. గానుగెద్దును విప్పి డొంకలో వదిలినా గుండ్రంగానే నడుస్తుందంటారు. వేల చుట్లు ప్రదక్షిణంగా ఈదిన ఒళ్లు, గోడ లేని నీళ్లలో కూడా బావి చుట్టే తిరిగింది. నిరుడు ఆమె సముద్రంలో అరకిలోమీటరు ఎక్కువే ఈదింది, అదంతా పుణ్యం ఖాతాలోకి పోయింది.

మందు తేలికే. ఎన్ని చుట్లు కుడికి తిరిగితే అన్ని చుట్లు ఎడమకూ తిరగాలి. ఆ మాటే తండ్రితో అంది.

మొగిలయ్య చేతిలోని చింతగింజలు కింద పెట్టేశాడు. “వద్దు,” అన్నాడు.

“ఈతనే గద బాపు, పూజనా ఏమన్ననా.”

“చావు చుట్టు నా బిడ్డ నా బావిల తిరగది.”

తిరుమల రెట్టించలేదు. ఆయన ఎందుకు వద్దన్నాడో ఆమెకు తెలుసు. ఆరేళ్ల కింద తల్లి చిలుకమ్మ పోయినప్పుడు, కొడుకులు లేరు కనుక, కుండ భుజాన పెట్టుకొని చితి చుట్టూ ఎడమకు తిరిగింది ఆయనే. జన్మలో మొగిలయ్య ఎడమకు తిరిగినవి ఆ మూడు చుట్లే. ఎడమ అనే మాట వింటేనే ఆయనకు ఆ కుండ బరువు భుజం మీద తెలుస్తుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకమే ఆయన, కానీ ఇది ఆ మొండితనం కాదు, భయం. ఉన్న ఒక్క బిడ్డ కోసం భయం.

నాలుగుసార్లు పొలానికి వెళ్లింది, నాలుగుసార్లూ కుడికే ఈదింది. ఐదోసారి ఒడ్డెక్కి, తల తుడుచుకోకుండా మెట్టు మీద అట్లాగే కూర్చుండిపోయింది.

“గిట్లనే ఈదితే ఆ పట్టీ మల్ల విప్పుతరా?” అని అడిగాడు మొగిలయ్య.

“విప్పుతరు బాపు.”

తర్వాతిసారి ఆమె వెళ్లేసరికి ముసలాయన మోటారు పక్కన కూర్చొని లేడు. ధోతి ఎగ్గట్టి, చేతికర్ర పట్టుకొని, గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

“నువ్వు ఎడమకు తిరుగు,” అన్నాడు. “నేను పైనుంచి కుడికి తిరుగుత. నీ ఒక్కో చుట్టుకు నాది ఒక్కటి. లెక్క సరి.”

డెబ్బై ఆరేళ్ల మనిషి, అందులో కుడి మోకాలు సరిగ్గా వంగదు. వద్దంటే వింటాడా. ఆనాటి నుంచి ముప్ఫై చుట్లు కుడికి, ముప్ఫై చుట్లు ఎడమకు. కుడి చుట్లప్పుడు ఆయన కూర్చునేవాడు, ఎడమ చుట్లు మొదలవగానే లేచేవాడు. ఆమె నీళ్లలో అటు, ఆయన గోడ వెంబడి ఇటు. ప్రతి చుట్టులో రెండుసార్లు ఎదురుపడేవారు. శ్వాస కోసం తల తిప్పినప్పుడు తిరుమలకు గోడ మీదుగా ఆయన తల, భుజాలు కనపడేవి. వాటిని వెతుక్కుంటూ పది బారలకు ఒకసారి తల పైకెత్తి చూడడం అలవాటైంది. సముద్రంలో ఈదేవాళ్లు డబ్బులిచ్చి నేర్చుకునే విద్య అది, ఆమెకు ఊరికే వచ్చింది. ఏడు నెలలు అట్లా గడిచాయి. మొగిలయ్య మోకాలు బాగుపడనూ లేదు, పాడవనూ లేదు.

విశాఖకు ముగ్గురూ రైల్లో వెళ్లారు. సైకిలు అట్టపెట్టెలో, చింతగింజలు మొగిలయ్య జేబులో, కూర్చోవడానికి దుకాణంలోని ఎర్రచారల జంపఖానా ఒకటి భాస్కర్ చంకలో. ముసలాయన సముద్రాన్ని చూడడం అదే మొదలు. చాలాసేపు చూసి, “దీనికి గోడేది?” అన్నాడు.

“ఉండది మామా,” అన్నాడు భాస్కర్.

“మరి పిల్ల తిరిగేది దేని చుట్టు?”

భాస్కర్ నీళ్లలో తేలుతున్న ఎర్రటి పెద్ద బుడగలను చూపించి విడమరిచి చెప్పాడు. ఒకటి ఇక్కడ, ఒకటి దూరంగా, ఇంకొకటి ఆ పక్కన. వాటిని ఎడమ చేతి వైపు ఉంచుకొని, ఎడమకే మలుపులు తిరిగి వెనక్కి రావాలి. అక్కడ మొగిలయ్య మొహం మారింది. బిడ్డతో పాటు అన్ని వందల మంది ఎడమ చుట్టుకు దిగుతున్నారు. ఆయన కర్ర అందుకొని లేచాడు.

తిరుమలకు అదేమీ తెలియదు. బూర ఊదారు, దిగింది. మొదటి అలకే ఉప్పునీళ్లు మింగింది. ఎవరిదో మడమ ఈత కళ్లద్దాలకు తగిలింది. పది బారలు వేయడం, తల ఎత్తడం, ఎర్రబుడగ ఎక్కడుందో చూడడం. సగం దూరంలో అలలు లేచి బుడగ కనపడకుండా పోయింది. నిరుటి పడవ కుర్రాడి నవ్వు గుర్తొచ్చింది. బావిలో తండ్రి కూడా అన్నిసార్లూ కనపడేవాడు కాదు, గోడ చాటయ్యేవాడు. అయినా ఆయన అక్కడ ఉన్నాడనే నమ్మకంతో ఈదేది కదా. అట్లాగే ఇంకో పది బారలు వేసింది. తల ఎత్తితే బుడగ సరిగ్గా ముక్కుకు ఎదురుగా ఉంది. నీళ్లలోనే నవ్వొచ్చి ఇంకో గుక్క ఉప్పునీళ్లు తాగింది.

ఇసుకలో కాళ్లు ఆనగానే గడియారం చూసుకుంది. అరవై ఎనిమిది నిమిషాలు. గడువుకు ఇంకా రెండు నిమిషాలున్నాయి. పట్టీ విప్పడానికి ఎవరూ రాలేదు. పైకి పరుగెత్తమని చేతులూపుతున్నారంతే. పరుగెత్తుతూ తనవాళ్ల కోసం చూసింది.

ఇసుకలో ఎర్రచారల జంపఖానా పరిచి ఉంది. దాని మీద భాస్కర్ ఉత్సవ విగ్రహంలాగా కదలకుండా కూర్చున్నాడు. అతని చుట్టూ మొగిలయ్య కర్ర పోటేసుకుంటూ కుడికి తిరుగుతున్నాడు. ఇసుకలో మడమ లోతున గుండ్రంగా బాట పడింది.

“గంట సంది చెప్తాన, జర కూసో అంటే వింటలేడు,” అన్నాడు భాస్కర్.

“బాపు, అయిపోయింది. గడువులనే వచ్చిన. ఇగ ఆగు.”

మొగిలయ్య ఆగలేదు. “సగం చుట్టుల ఆగొద్దు బిడ్డా. నువ్వు పో,” అన్నాడు.

పోయింది. ఏడుస్తూ నవ్వుతూ సైకిలెక్కింది. తొంభై కిలోమీటర్లూ ఎదురుగాలి ఆమెతో కుస్తీ పట్టింది. వర్ధన్నపేట రోడ్డు మీద ఇసుక లారీల మధ్య తొక్కినామెకు గాలి ఒక లెక్కా. పరుగులోనే అసలు తిప్పలు మొదలయ్యాయి. పదమూడో కిలోమీటరు దగ్గర కాళ్లు మొరాయించాయి, పదిహేనో దాని దగ్గర అరటిపండు బయటికొచ్చింది. తక్కినదంతా కొంత నడిచి, కొంత కుంటి, కొంత ఉరికి, మొత్తం పోటీ గడువుకు పదకొండు నిమిషాల ముందు ముగింపు గీత దాటింది. భాస్కర్ ఫోటోలు తీశాడు, గంతులేస్తూ తీస్తే సగం ఫోటోల్లో ఆకాశమే పడింది. ఫ్లెక్సీ మాట నాలుక చివరిదాకా వచ్చినా మింగేశాడు.

సాయంత్రం ముగ్గురూ ఆ జంపఖానా మీదే కూర్చొని మరమరాలు తిన్నారు. మొగిలయ్య కాళ్లు చాపుకొని, కుడి జేబులోని చింతగింజలు తీసి లెక్కపెట్టాడు.

“నూట నలభై ఎనిమిది అయినయ్,” అన్నాడు. “సరిపోయినయా? నువ్వెన్ని తిరిగినవ్?”

తిరుమల తండ్రి మోకాలిని ఒళ్లోకి తీసుకొని నొక్కుతోంది. అబద్ధం చెప్పడం చేతకాలేదు.

“మొత్తం కలిపి ఒక్కటే చుట్టు బాపు.”

“ఒక్కటేనా?”

“ఒక్కటే. పెద్దది.”

మొగిలయ్య సముద్రం వైపు చూశాడు, ఇసుకలో తాను వేసిన బాట వైపు చూశాడు. ఒక్క గింజ తీసి పక్కన పారేశాడు. మిగిలినవన్నీ తువ్వాల కొసకు పోసి ముడి వేశాడు.

“ఉండనియ్,” అన్నాడు. “వచ్చే ఏడుకు పనికొస్తయ్.”