గాయపడినవారి సంఖ్య

ఆ నాయకుడి మీద దాడి జరిగినప్పుడు నువ్వెక్కడున్నావన్న ప్రశ్న వస్తే, మా కాలనీ పార్కులో ప్రతివారి దగ్గరా ఒక జవాబు ఉంటుంది. ఒకాయన మెట్రోలో ఉన్నాడు. ఒకావిడ పప్పులో తాలింపు వేస్తోంది. మా పక్కింటాయన సగం గడ్డం గీసుకుని, ఆ సగం మొహంతోనే టీవీ ముందు గంటసేపు కూర్చున్నాడు. నాయకుడి పేరు నేను చెప్పను. చెబితే మీరు నా పార్టీ ఏదో ఆరా తీస్తారు, అసలు సంగతి పక్కకు పోతుంది. నా వంతు వచ్చినప్పుడు "క్లాసులో ఉన్నానండీ" అని ఊరుకుంటాను. అది అబద్ధం కాదు. అందులో నిజం కూడా పెద్దగా లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కరెంట్ అఫైర్స్ చెబుతాను. ఊళ్లో కరెంటు పోయినా నా కరెంటు పోకూడదు. నిన్నటి వార్త ఇవాళ్టికి పాచిపోతుంది కాబట్టి తెల్లారేసరికి కొత్తది సిద్ధంగా ఉండాలి. లోకంలో ఏది జరిగినా దాన్ని ఒక ప్రశ్నగా, నాలుగు జవాబులుగా తరిగి 'బిట్టు' చేయడం మా వృత్తి. భూకంపం వస్తే దాని తీవ్రత ఒక బిట్టు. పెద్దమనిషి పోతే ఆయన పుట్టిన జిల్లా ఒక బిట్టు. ఎదుటి మేడ మీద ఇంకో సెంటరుంది. అక్కడి సారు కన్నా ముందు నా బిట్టు పిల్లల గ్రూపుల్లో తిరగాలి. బయటికి చెప్పుకోలేదు గానీ, పదేళ్లుగా నా పరుగంతా ఆ ఒక్క మేడతోనే.

క్లాసు మొదలయ్యే ముందు పిల్లల ఫోన్లన్నీ గుమ్మం దగ్గర ప్లాస్టిక్ ట్రేలో పెట్టించేవాళ్లం. ఆ నియమం పెట్టింది నేనే. నా ఫోను మాత్రం బల్ల మీద ఉండేది. వాళ్లకూ లోకానికీ మధ్య ఉన్న కిటికీ నేనొక్కణ్ణే అన్నమాట. కిటికీకి ఎంత గర్వం ఉండకూడదో అంతా ఉండేది నాకు.

ఆ మధ్యాహ్నం రాజ్యాంగ సవరణల దగ్గర ఉండగా ఫోను మెరిసింది. వేరే రాష్ట్రంలో ఒక పట్టణంలో బహిరంగ సభ. వేదిక మీదికి ఒకడు కత్తితో దూకాడు. నాయకుడి చేతికి గాయమైంది, ప్రాణానికి భయం లేదు. అడ్డుపడిన భద్రతా సిబ్బందిలో నలుగురికి గాయాలు. ఒక పౌరుడిగా నేను ఉలిక్కిపడిన మాట నిజమే. ఆ పౌరుడు ఎంతసేపున్నాడని అడగకండి. చదవడం పూర్తయ్యేసరికి సుద్దముక్క చేతిలో ఉంది. పట్టణం పేరు ఒక బిట్టు, దాని పక్కనున్న నది ఒక బిట్టు, గాయపడిన సిబ్బంది సంఖ్య ఒక బిట్టు. రెండు, మూడు, నాలుగు, ఆరు అని జవాబులు కూడా రాయించి, బోర్డును ఫొటో తీసి గ్రూపులోకి తోసేశాను. ఎదుటి మేడ మీద ఇంకా పాత పాఠమే నడుస్తున్నట్టు వినిపిస్తోంది.

రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. నల్గొండ దగ్గర పల్లెటూరు, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునేది. ఎన్నడూ నోరు విప్పి ఎరగదు.

"సార్, దెబ్బలు తాకినోళ్ల పేర్లు ఒచ్చినయా?"

"పేర్లు అడగరమ్మా, సంఖ్య అడుగుతారు" అన్నాను. అక్కడితో ఆగలేదు. పేర్లడిగే పేపర్ సెట్టర్ ఎవరైనా ఉంటే ఆయన పేరే ముందు నాకు చెప్పమన్నాను. క్లాసంతా నవ్వింది. నా క్లాసులో నవ్వులకు ఎప్పుడూ కొరత లేదు.

ఆమె కూర్చోలేదు. ఒక్కసారి ఫోన్ తీసుకుంటానని అడిగింది. అందరికీ ఒకటే రూలన్నాను. ఏ వార్తయినా ముందు నా దగ్గరికే వస్తుందని, కంగారు పడొద్దని ధైర్యం కూడా చెప్పాను. ఆమె కూర్చుంది. తర్వాతి నలభై నిమిషాలూ ఆమె తల వంచుకుని రాస్తుంటే శ్రద్ధ అనుకున్నాను.

క్లాసయ్యాక ట్రే దగ్గర అందరికన్నా ముందు ఆమే ఉంది. నేను గ్రూపులో మెచ్చుకోళ్లు చూసుకుంటూ వెనకాలే ఉన్నాను.

"నాకు తెల్వదే అమ్మా. ఫోన్ నా తాన లేదు" అంటోంది. "అన్న ఎత్తుతలేడా? ఎన్నిసార్లు చేసినవ్?"

అప్పుడు అడిగాను, ఏమైందని. వాళ్లన్న కేంద్ర బలగాల్లో కానిస్టేబులట. సభ డ్యూటీ పడిందని రెండ్రోజుల కిందట ఆ పట్టణం పేరే చెప్పి వెళ్లాడట. తల్లి ఊళ్లో ఒక్కతే టీవీ ముందు కూర్చుని, చదువుకున్న కూతురికి తెలిసే ఉంటుందని గంట నుంచి ఫోన్ చేస్తూనే ఉందట.

బండి మీద ఎల్‌బీ నగర్ దాకా దింపుతానన్నాను, అక్కడ నల్గొండ బస్సు దొరుకుతుందని. కొత్తపేట దాటేదాకా బండి అద్దంలో ఆమె మొహం కనిపిస్తూనే ఉంది. హెల్మెట్ ఉండటం ఎంత మంచిదో ఆ రోజు తెలిసింది. జేబులో ఫోను మాత్రం గుర్గుర్‌మంటూనే ఉంది.

జంక్షన్లో బండి దిగేసరికి ఆమెకు ఫోన్ వచ్చింది. అన్న స్నేహితుడట. వింటూ వింటూనే ఆమె ఫుట్‌పాత్ అంచున కూలబడింది. తర్వాత చున్నీతో మొహం తుడుచుకుని లేచింది.

"భుజానికి కుట్లు పడ్డయంట సార్, మాట్లాడుతున్నడంట" అంది. బ్యాగు భుజానికి తగిలించుకుంటూ, "మీరు నలుగురని రాయించిన్రు గద, ఐదుగురు సార్. మా అన్నను వేరే దవాఖానకు తీస్కపోయిన్రట. లెక్కల కల్వలే" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. సారుకు తెలియని సంగతి సారుకు చెప్పింది, అంతే.

అప్పుడు నా మనసులో మెదిలిన మొదటి ముక్క ఇక్కడ రాయాలి. రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. 'కీ తప్పింది' అనుకున్నాను. నేను రాయించిన నాలుగు జవాబుల్లో ఐదు లేదు. ఎదుటి మేడ సారు గమనించేలోగా సరిచేయాలి. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే 'మూడో ప్రశ్నకు సవరణ: సరైన సమాధానం ఐదు' అని టైపు చేసి పంపాను. తలెత్తేసరికి ఆమె నా బొటనవేలి వైపే చూస్తోంది. అప్పుడే బస్సు వచ్చింది.

"పోయొస్త సార్" అని ఎక్కేసింది.

బస్సు హైవే ఎక్కాక గాని నాకు తట్టలేదు, వాళ్లన్నకి నొప్పి ఎంతుందో, ఎవరు దగ్గరున్నారో, ఒక్క మాట కూడా అడగలేదని.

వారం తర్వాత ఆమె తిరిగొచ్చింది. ఈలోపు ట్రే తీయించేశాను. పిల్లలు సంతోషించారు, నన్ను ఉదారుడన్నారు. కారణం ఎవరికీ చెప్పలేదు. క్లాసు మొదలవకముందే రెండో బెంచీ దగ్గరికి వెళ్లి, వారం రోజులుగా మోస్తున్న ప్రశ్న అడిగాను.

"మీ అన్నయ్యకి ఎలా ఉందమ్మా?"

ఆమె మర్యాదగా లేచి నిలబడింది.

"మంచిగున్నడు సార్."

ఇంకేమైనా అంటుందని ఆగాను. ఆమె కూర్చుని, నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, తేదీ వేసి, పెన్ను పట్టుకుని నా నోటి వైపు చూసింది, చెప్పండి రాసుకుంటాను అన్నట్టు.