ముక్కు తుడిచిన రోజు

మా పాపకు నాలుగేళ్లు నిండకముందే కడుపులో గడ్డ ఉందని తెలిసింది. అది చిన్నపిల్లలకు వచ్చే క్యాన్సరు, కడుపులో మొదలై ఎముకల్లోకి పాకుతుందట. బెంగళూరు ఆసుపత్రిలో కీమో ఇచ్చారు, ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. ఇక ఎముకల్లో ఏమైనా మిగిలిందేమో చూడాలి. దానికి ఎంఐబీజీ అని ఒక స్కాను ఉంది. ముందురోజు సూదిమందు ఎక్కిస్తారు. ఆ మందు క్యాన్సరు ఉన్నచోట చేరుతుంది, మర్నాడు తీసే బొమ్మలో ఆ చోటు నల్లగా కనిపిస్తుంది.

అప్పటికే ఆ స్కాను ఒకసారి వాయిదా పడింది. పాపకు జ్వరంగా ఉందని, మత్తు ఇవ్వడం కుదరదని తిప్పి పంపారు. మళ్లీ తేదీ దొరికేసరికి నెల దాటింది. ఆ నెల రోజులూ ఎలా గడిపానో నాకే తెలుసు. రెండోసారి బయలుదేరాల్సిన పొద్దున చూస్తే పాప ముక్కు కారుతోంది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అత్తగారిది సుగటూరు దగ్గర పట్టుపురుగులు పెంచే ఇల్లు. సెరికల్చర్ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే చాలు, పొద్దున్నే తట్టల ముందు కూర్చుని, రోగం తగిలి ఉబ్బి రసం కారుతున్న పురుగులన్నిటినీ ఏరి సున్నం గుంటలో వేసేస్తాం. ఆయన వచ్చేసరికి ప్రతి తట్టా ముచ్చటగా ఉంటుంది. రోగం ఉన్న ఇల్లని పేరు పడితే ఇరుగుపొరుగు గడప తొక్కరు. కోడలిగా వచ్చిన మొదటి ఏడాదే ఆ పనిలో నా చెయ్యి తిరిగింది. బడిలో సైన్సు చెప్పే మనిషిని, రోగాన్ని దాచినంత మాత్రాన అది పోదని తెలియదా? తెలుసు. తెలిసే చేసేదాన్ని, పైగా బాగా ఏరుతానని మెప్పు కూడా పొందాను.

ఆ పొద్దున పాపకూ అదే పని చేశాను. కోలారు బస్టాండు పక్కన మందుల షాపులో జలుబు సిరప్పు కొని, మా ఆయన బస్సు కోసం చూస్తుండగా మూత నిండా పోసి తాగించాను. ఆసుపత్రి చేరేసరికి ముక్కు పొడిగా ఉంది. ఈ వారంలో జలుబు మందులేమైనా వాడారా అని ఫారంలో ఉన్నచోట లేదని రాసి సంతకం పెట్టాను. ఎందుకడుగుతున్నారని ఆలోచించలేదు. వాయిదా వేయడానికి సాకు వెతుకుతున్నారనుకున్నాను.

మర్నాడు తీసిన స్కాను శుభ్రంగా వచ్చింది. కేజీఎఫ్ బంగారు గనుల దగ్గర పుట్టినదాన్ని, ఫిల్మును వెలుగుకు పట్టి చూడటం నాకు కొత్త కాదు. గనిలో పనిచేసిన మగవాళ్ల ఊపిరితిత్తుల ఎక్స్‌రేలన్నీ మా వీధి కిటికీల దగ్గర చూసినవే. పాప ఎముకల్లో ఒక్క నల్లమచ్చ లేదు. అందరం ఆవని కొండమీది గుడికి వెళ్లాం. మొక్కు తీర్చడానికి పాప తలమీద వెంట్రుకే లేదు కాబట్టి మా అత్తమ్మ తన తల గుండు చేయించుకుంది.

రెండు నెలలకు పాప కుంటడం మొదలుపెట్టింది. ఈసారి పెట్ స్కాను తీశారు. అది వేరే రకం, చక్కెరలాంటి మందు ఎక్కించి దాన్ని ఎక్కువగా తినే చోట్లు ఎక్కడున్నాయో చూస్తారు. డాక్టరమ్మ రెండు స్కాన్లనూ కంప్యూటరులో పక్కపక్కన పెట్టింది. ఎడమవైపు ఏమీ లేదు. కుడివైపు వెన్ను, తుంటి, తొడ, అన్నీ వెలుగుతున్నాయి.

ఆమె కన్నడంలో నిదానంగా చెప్పింది. ఈ రెండు నెలల్లోనే జబ్బు పెరిగి ఉండొచ్చు. లేదా ఇది మొదటి స్కాను మందును అసలు పట్టని రకం కావొచ్చు. పట్టని రకమైతే ఒక దారి మూసుకున్నట్టే. పట్టే రకమైతే అదే మందును ఘాటుగా ఎక్కించి జబ్బును చంపడానికి చూడొచ్చు. కొన్ని జలుబు మందులు ఆ మందును లోపలికి పోనివ్వవు, అప్పుడేమీ ఇవ్వలేదు కదా అని అడిగింది.

"ఏమీ ఇయ్యలేదు మేడం. రాసి ఇచ్చినాము కదా," అన్నాడు మా ఆయన.

నోరు మూసుకుని ఉండొచ్చు. ఉండాలనే అనిపించింది. అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్న గుండుతో అత్తమ్మ నా వెనకే నిలబడి ఉంది.

"నేను ఇచ్చినాను," అన్నాను.

"ఎప్పుడిచ్చినావే? యాడ కొన్నావు?" అంది అత్తమ్మ.

ఎంఐబీజీ మళ్లీ తీయాలన్నారు. ఆ రోజూ పాపకు జలుబే. సిరప్పు ఇవ్వలేదు. జలుబుగా ఉందని టెక్నీషియనుకు ముందే చెప్పాను. జ్వరం లేకపోతే ఇబ్బంది లేదన్నాడు, డాక్టరు ఛాతీ చూసి సరేనన్నాడు. అంతే. అంత చిన్న మాట అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. మత్తుకు ముందు చేతులు కదలకుండా గుడ్డతో చుట్టారు. "అమ్మా, ముక్కు కారతా ఉండాది, తుడువు," అంది పాప. తుడిచాను.

బొమ్మ నిండా నల్లమచ్చలే. మందు పట్టింది. ఘాటైన మందూ ఎక్కించారు. కొన్నాళ్లు నొప్పి తగ్గి పాప వాకిట్లో ఆడుకుంది కూడా. తర్వాత అదీ ఆగిపోయింది. ఆ రెండు నెలలు పోకుండా ఉంటే బతికేదా అని డాక్టరమ్మను అడిగాను. ఎవరూ చెప్పలేరమ్మా అంది. తిట్టి ఉంటే బాగుండేది.

పాప పోయి ఏడాది దాటింది. మా ఆయన ఆ సిరప్పు మాట ఎన్నడూ ఎత్తలేదు. మొన్న ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసి, అలవాటు కొద్దీ పొద్దున్నే తట్ట ముందు కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. మా ఆయన పురుగులకు తెచ్చిన మల్బరీ ఆకు మోపు దించి, వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంగ ఏరొద్దే. ఉండనీ. ఆయప్పను చూడనీ," అన్నాడు.