ఒమాన్ కొండల కింది అంచు

2023 వానాకాలం. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర మా ఫొటో స్టూడియో. జిల్లాలో నేను తియ్యని పెళ్లి లేదు. సరే, ఉన్నాయి, చాలానే ఉన్నాయి. పాస్‌పోర్టు ఫొటోలు మాత్రం లెక్కలేనన్ని తీశాను.

ఒకరోజు స్వరూప వచ్చింది. మగ్గం నేసే ఇంటి కోడలు. భర్త కనకయ్య చాలా ఏళ్లుగా ఒమాన్‌లో డ్రైవరు. ఆ దేశాన్ని సొంతం చేసుకున్నాడు కాబోలు, శుక్రవారం సెలవు వస్తే అక్కడి కొండలను ఫొటోలు తీసి పంపేవాడు. సాయంత్రపు ఎండలో ఎర్రబడ్డ బోడి కొండలు, ఎండిన వాగులో ఖర్జూరపు చెట్లు. నాకంటే బాగా తీశాడు. ఆమెతో మాత్రం "పర్వాలేదు" అన్నాను.

"కాకా, మూడు నెలల సంది వీడియో కాల్ ఎత్తుతలేడు. అడిగితే నెట్ లేదంటడు. కొండలొస్తున్నయి గని మనిషి కనవడ్తలేడు. 'గవి నెట్ల దొరికే ఫొటోలే, నీ మొగుడు ఏ జైల్ల ఉన్నడో' అని మా తోడికోడలు అంటుంది. గివి ఆయన తీసినయేనా?"

"నా ముందు ఏ ఫొటో అబద్ధమాడదు బిడ్డా" అన్నాను ధీమాగా.

అన్నాక గుర్తొచ్చింది. ఫొటో ఎప్పుడు, ఏ ఫోనుతో తీశారో దాని లోపలే డీటెయిల్స్ ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అవి రావు. అంటే నాకు తెలిసింది సున్నా. ఆమె నా ముఖమే చూస్తోంది.

"ఏంది కాకా, చెప్తలేవు?"

భయంతో మళ్లీ మళ్లీ చూస్తే ఒకటి దొరికింది. ఫోను ఫొటోల మామూలు కొలత కంటే ఇవన్నీ పొట్టి; అన్నిటికీ కింది అంచు క్రాప్ చేసి ఉంది, అంటే కోసేసి ఉంది. ఫొటోలు తీసేవాణ్ని పడగొట్టడానికి పొగడ్త చాలు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. స్టూడియో నడిపే కాక తన గోడకు పెద్ద ప్రింటు పెడతాడట, ఏమీ కొయ్యకుండా ఒరిజినల్ నా నంబరుకు పంపమని ఆమెతోనే చెప్పించాను.

పొంగిపోయి పంపాడు. ఒంటరిగా తెరిచాను. సూర్యుణ్ని వెనక పెట్టుకుని తీస్తే మన నీడ ముందుకు పడుతుంది. కింద కంకర మీద పొడుగాటి మనిషి నీడ. చంక కింద ఊతకర్ర.

ఫోను చేశాను. "కనకయ్యా, నీ నీడ దొరికింది."

"దాన్కి చెప్పకు కాకా. బండి బోల్తపడ్డది. కాల్ల రాడ్ ఏసిన్రు. తెలిస్తే నిద్రపోదు."

"ఇప్పుడు పోతున్నదా? నువ్వు జైల్ల ఉన్నవని ఏడుస్తుంది."

"జైలా? రూంల పంటే పిచ్చిలేస్తది కాకా. గీ కొండలే నన్ను బతికిచ్చినయి."

"కొండలు చాలు. ఈసారి నువ్వు నిలబడు. లేకుంటే ఈ నీడనే ప్రింటు తీసి ఆమె చేతిల పెడ్త."

ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. ఆ పిల్ల తట్టుకుంటుందా? నేను బెదిరించి తప్పు చేశానా?

మర్నాడు స్వరూప వచ్చి ఫోను చూపించింది. కొండ ముందు కనకయ్య, చంకలో కర్ర, ముఖాన దొంగనవ్వు.

"ఏమన్నవు బిడ్డా?"

"చెవులు పగిలేటట్టు తిట్టిన. వీడియోల కాలు సూపియ్యమన్న, సూపిచ్చిండు." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "బక్కగైండు కాకా. మనిషైతే ఉన్నడు."

కనకయ్య ద్వారా సంగతి విని, ఫొటో చూడగానే నేను కనిపెట్టానని ఆమె వాడంతా చెప్పింది. నేను కాదనలేదు. ఇక్కడ ఒప్పుకుంటున్నాను, అది విద్య కాదు, భయం. ఇప్పుడు ఎవరైనా ఫొటో అంచు తీసెయ్యమంటే, కోసే ముందు ఆ ముక్కను పెద్దది చేసి చూస్తాను.