ఐదో నంబరు కండక్టరమ్మ

ఐదో నంబరు బస్సులో ఇరవై రెండేళ్లుగా ఆవిడే కండక్టరు. చేరిన కొత్తలో ఆ బస్సు ఎత్తు రోడ్డు మీద సగం దూరం వెళ్లి మొరాయించేది. జనంతో పాటు కండక్టరమ్మ కూడా కొంగు దోపుకుని దిగి తోసేది.

ఒకరోజు డిపో గోడకు కొత్త రూట్ల పటం అంటించారు. వచ్చే ఏడాది నుంచి కరెంటు బస్సులట. వాటిలో టికెట్లు మిషనే ఇస్తుందట. అందరూ దిగాలుగా నిలబడితే, ఆవిడ మాత్రం స్టాపులు ఒక్కొక్కటే వేలితో చూసుకుంటూ వెళ్లి ఆసుపత్రి దగ్గర ఆగింది. పటంలో స్టాపు ఇప్పట్లా గేటు పక్కన లేదు. పెద్ద రోడ్డుకు అవతల ఉంది.

"మన ఉద్యోగాలే ఊడుతుంటే స్టాపుల గొడవ నీకెందుకక్కా?" అన్నాడు డ్రైవరు.

"మన ఉద్యోగాలు పోతే జనానికి రోగాలు రావడం మానేస్తాయా తమ్ముడూ?"

ఇంటికెళ్లినా ఆవిడ మనసు మనసులో లేదు. భర్త కుట్టుమిషను ఆపి, "రేపు వెళ్లి చెప్పెయ్. లేకపోతే నెలరోజులు నా చెవులు చిల్లులు పడతాయి" అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి ప్లానింగ్ ఆఫీసుకు వెళ్లింది. ఇంజనీరు ఆవిడ కొడుకు వయసువాడు.

"రోడ్డుకు అవతల ఆపితే రెండు నిమిషాలు కలిసొస్తాయమ్మా" అన్నాడు.

"బస్సుకు కలిసొస్తాయి బాబూ. దిగినవాళ్లకో? రేపు ఎనిమిదింటికి నా బస్సెక్కండి. టికెట్టు మాత్రం కొనుక్కోవాలి."

అతను నవ్వాడు, కానీ వచ్చాడు. ఆసుపత్రి దగ్గర చేతికర్రలతో ఒక పెద్దాయన దిగుతుంటే సంచీ అందుకుని ఆయనతో పాటు నడిచాడు. గేటు కళ్లెదుటే ఉంది. అక్కడికి చేరేలోపు పెద్దాయన రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఇంజనీరు వాచీ చూసుకున్నాడు. ఐదు నిమిషాలు.

"ఇదే రోడ్డుకు అవతలైతే..." అని మాట మింగేశాడు.

వారం తిరక్కుండా పటం మారింది. స్టాపు గేటు ముందుకొచ్చింది. ఆ మధ్యాహ్నమే అతను డిపోకు ఫోన్ చేశాడు. "ఇంకా పదకొండు రూట్లున్నాయమ్మా. మీరు మా ఆఫీసులోనే కూర్చుని చూసిపెట్టాలి. పై వాళ్లు ఒప్పుకున్నారు."

కండక్టరమ్మ ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంది. "కుర్చీలో కూర్చుని పనిచెయ్యడం నాకు అలవాటు లేదు బాబూ" అంది.

"నిలబడే చెయ్యండి!"

ఇప్పుడు పెద్ద బల్ల మీద ఊరంతా పరిచి ఉంటుంది. నిన్న ఏడో నంబరు రూటు చూస్తూ బడి దగ్గర వేలు పెట్టింది. "ఇక్కడ పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తారు. బస్సు ఇంకాస్త ఆగాలి."

ఎంతసేపని ఇంజనీరు అడగలేదు. పెన్సిల్ ఆవిడ చేతికిచ్చాడు.