ఐలవ్వ తెరిచిన గది

ఐలవ్వ దవాఖానలో ఆయాగా చేరిన కొత్తలో రక్తం చూస్తే ఆమెకు కళ్లు తిరిగేవి. గాయాల వార్డు తుడవమంటే గోడ పట్టుకుని నిలబడిపోయేది. ఆ ఉద్యోగం ఆమె కోరుకున్నది కాదు. భర్త గట్టయ్య బాయిలో, అంటే బొగ్గు గనిలో, టబ్బులు తోసేవాడు. ఒక వానాకాలం పైకప్పు బండ విరిగి మీద పడింది. అతను పోయాడు, అతని బదులు కంపెనీ ఆమెకు తన దవాఖానలో ఈ పని ఇచ్చింది. కాసిపేట పక్క పల్లె నుంచి తల్లి వచ్చి, "ఇంటికి రా బిడ్డా, ఇక్కడ ఎవరున్నరు నీకు?" అని బతిమాలింది. ఐలవ్వ తన పదేళ్ల కూతురి జడ అల్లుతూ, "ఆయన ఉన్న ఊరు ఇదే. నేనెక్కడికి రాను" అన్నది. అలా గోదావరిఖనిలోనే ఉండిపోయింది.

మా క్వార్టర్ల వరుసలో చివరి ఇల్లు ఆమెది. పొట్టిగా, గట్టిగా ఉండేది. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహం కాక చేతులు చూసేది. ఆ అలవాటు దవాఖానలో వచ్చిందని నా అనుమానం. దెబ్బ ఎక్కడ తగిలిందో మనిషి చెయ్యే ముందు చెప్తుందని ఒకసారి ఆమే అన్నది.

ఎనభైల్లో మా దగ్గర మగపిల్లలకు పొద్దుపోయేది కాదు. పదో తరగతి దగ్గర చదువు ఆగేది. బాయిలో కొత్త కొలువులు తగ్గాయి. తండ్రి ఉద్యోగం తనకొస్తుందా రాదా అని చూస్తూ, రైలు కట్టకు ఇటువైపు పిల్లలు ఒక గుంపుగా, అటువైపు పిల్లలు ఒక గుంపుగా తిరిగేవాళ్లు. టాకీసు దగ్గర తోపులాట, వాలీబాల్ దగ్గర తిట్లు. చేతుల్లోకి సైకిల్ చైన్లు ఎప్పుడొచ్చాయో ఎవరూ గమనించలేదు.

ఎనభై ఆరు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కట్ట అవతలి సదయ్య, ఇవతలి కొమురెల్లిని కడుపులో పొడిచాడు. ఇద్దరికీ పద్దెనిమిది దాటలేదు. సదయ్య సైకిల్ షాపులో పంచర్లు వేసేవాడు. ట్యూబు కోసే కత్తి అతని చేతిలోనే ఉంది. కొమురెల్లి సైకిల్‌కు గాలి కొట్టించుకుంటూ, నలుగురి ముందు నవ్వుతూ, "మీ నాయిన నాగాలు పెట్టీ పెట్టీ నౌకరి పోగొట్టుకున్నడు. ఇగ నువ్వు జన్మంత గాలి కొట్టుకుంటనే ఉండాలె" అన్నాడట. అంతే. ఆ మాటకు కత్తి లేచింది.

అంబులెన్సు నడిపే గులాం అలీ కొమురెల్లిని తెచ్చాడు. లోపల డాక్టర్లు కోత పెడుతుంటే, బయట వరండాలో ఇరవై మంది దాకా పిల్లలు పోగయ్యారు. వాళ్ల మధ్యలో కొమురెల్లి అన్న రాయమల్లు. బొగ్గు నింపే మనిషి, మొదటి షిఫ్టు దిగి నల్లటి ఒంటితో అలాగే వచ్చాడు. ఏడవడం లేదు. "వాని ఇల్లు నాకెరుకే" అని మాత్రం మాటిమాటికీ అంటున్నాడు.

గులాం అలీ వార్డులోకి వచ్చి చిన్నగా చెప్పాడు. "ఐలవ్వ చెల్లె, బయట సంగతి మంచిగ లేదు. వీళ్లు కట్ట దాటిండ్రంటే నేను ఇంకో పిలగాన్ని మోసుకురావాలె."

ఐలవ్వ చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది. వద్దని చెప్పలేదు, నీతులు చెప్పలేదు. ఒక్కొక్కరినీ వేలుపెట్టి చూపించింది. "నువ్వు పోయి కొమురెల్లి వాళ్ల అవ్వను తోల్కరా, సైకిల్ మీద ఎక్కించుకొని మెల్లగ తీస్కరా. నువ్వు బ్రెడ్డు తే. నువ్వు పాత ధోతులు దొరుకుతయేమో ఇండ్లల్ల అడుగు, ఉతికినవి గావాలె. మీరిద్దరు ఇక్కడ్నే ఉండి స్ట్రెచర్ పట్టుండ్రి, మా వార్డు బాయ్ సెలవుల ఉన్నడు."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకడు కదిలాడు. వాడి వెనుక ఇంకొకడు.

మిగిలింది రాయమల్లు. అతన్ని నల్లా దగ్గరికి తీసుకుపోయి చేతులు కడిగించింది. సాయంత్రం కొమురెల్లిని వార్డులో పడుకోబెట్టాక, ఒక గిన్నెలో నీళ్లు, కాస్త దూది అతని చేతిలో పెట్టింది. "వాడు నీళ్లడుగుతడు. తాగనియ్యొద్దని డాక్టర్ సాబ్ చెప్పిండు. దూది తడిపి పెదవులకు అద్దు. ఆరిపోతె మళ్లీ అద్దు. నాకు ఇంకా నలుగురు పేషెంట్లున్నరు."

బొగ్గు ఎత్తే చెమ్మస్ పట్టి కాయలు కాసిన ఆ వేళ్లతో రాయమల్లు దూది పట్టుకున్నాడు. మొదట చాలా నీళ్లు పిండాడు, దిండు తడిసింది. తర్వాత అలవాటైంది. మరునాడు డ్యూటీకి వెళ్లలేదు, కట్ట అవతలికీ వెళ్లలేదు. తమ్ముడి తల దగ్గర నుంచి లేస్తే కదా వెళ్లేది.

కొమురెల్లి బతికాడు.

అది తెలిసిన పొద్దున డ్యూటీ దిగి ఐలవ్వ ఇంటికి పోకుండా కట్ట దాటింది. సదయ్య ఇంటి తలుపులు మూసి ఉన్నాయి. తల్లి సారవ్వ తలుపు సందులోంచి చూసి, దవాఖాన చీర గుర్తుపట్టి అక్కడే కూలబడింది. పిల్లవాడు పోయాడని చెప్పడానికే వచ్చిందనుకుంది.

"లే సారవ్వా. పిలగాడు మంచిగనే ఉన్నడు. నీ కొడుకేడి?"

సారవ్వ ఆమెను పెరట్లోని మేకల కొట్టం వెనక్కి తీసుకుపోయింది. అక్కడ గడ్డి మోపుల మధ్య సదయ్య మోకాళ్ల మీద తల పెట్టుకుని ఉన్నాడు. "మాట్లాడుతలేడక్కా. అన్నం ముట్టలే. నిన్న వీని పక్కన పురుగుల మందు డబ్బ దొరికింది. నేను పారబోసిన. మళ్లీ ఏం చేసుకుంటడో అని కండ్లు మూస్తలేను" అని సారవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఐలవ్వ గడ్డి మీద అతని పక్కన కూర్చుంది. మేకపిల్ల ఒకటి వచ్చి ఆమె చీర కొంగు నమిలింది.

"కొమురెల్లి పొద్దున చాయ్ అడిగిండు" అని ఆమె మెల్లగా మొదలుపెట్టింది. "ఇయ్యద్దన్నరని చెప్తె నన్ను తిట్టిండు. సూది ఇచ్చే నర్సమ్మను గూడ తిట్టిండు. వాళ్ల అన్నను దగ్గరికి పిలిచి, నువ్వు స్నానం చెయ్యి, కంపు కొడుతున్నవు అన్నడు."

సదయ్య తల ఎత్తాడు. "అబద్ధం."

"నాకేం పని అబద్ధం చెప్పడానికి? రాత్రంతా నిలబడి కాళ్లు పీకుతున్నయి."

"పేగులు బయటికొచ్చినయి. నేను చూసిన."

"లోపల పెట్టి కుట్టిండ్రు. నేను గూడ చూసిన."

అప్పుడు వాడు ఏడ్చాడు. ఆమె ఆపమనలేదు. సారవ్వ జొన్న గటక, పచ్చిపులుసు తెచ్చి ముందు పెడితే, "నేను గూడ తినలే, ఇద్దరికి పెట్టు" అన్నది. వాడు మొదటి ముద్ద నోట్లో పెట్టేదాకా తన ముద్ద చేతిలోనే ఉంచుకుంది.

తిన్నాక చెప్పింది. "చేసిన పని చేసినవ్. దాని బరువు నువ్వే మొయ్యాలె. దాక్కుంటె ముందుగాల కొమురెల్లి దిక్కోళ్లకు దొరుకుతవ్. ఠాణాకు పోదాం. నేను వస్త, గులామన్న వస్తడు. నిన్ను లోపల కూసోబెట్టేదాక మేం కదలం."

అన్నట్టే ఆ మధ్యాహ్నం సదయ్యకు ఒకపక్క ఆమె, ఇంకోపక్క గులాం అలీ నడిచారు. బజారంతా చూస్తుండగా ఠాణా మెట్లెక్కారు. తర్వాత కేసు నడిచింది, శిక్ష పడింది. కరీంనగర్ జైలుకు సారవ్వ వెళ్లినప్పుడల్లా, సెలవు దొరికితే ఐలవ్వ కూడా బస్సెక్కేది.

ఈ సంగతి తెలిసి రాయమల్లు ఆమె ఇంటి ముందుకొచ్చి అరిచాడు. "నువ్వెవరి దిక్కు అవ్వా? నా తమ్మున్ని పొడిచినోనికి అన్నం తినిపిస్తవా?"

"నీ తమ్ముని బెడ్‌పాన్ ఎత్తిపోసింది నేనే. వానికి తినిపించింది నేనే" అన్నది ఐలవ్వ గడపలో నిలబడి. "దిక్కులు నాకు తెల్వయి రాయమల్లు. నాకు వార్డు ఒక్కటే తెల్సు."

అతను ఉమ్మి వెళ్లిపోయాడు. ఏళ్ల తరబడి ఆమెతో మాట్లాడలేదు.

కానీ ఆ రోజు నుంచి మా దగ్గర ఒక పద్ధతి ఏర్పడింది. కొట్లాటలో దెబ్బ తగిలినవాడిని తెస్తుంటే గులాం అలీ దారిలోనే పేరు, కాలనీ కనుక్కునేవాడు. ఐలవ్వ ఆ వరుసలోని ఆడవాళ్లకు కబురు పంపేది. రెండు వైపుల తల్లులూ దవాఖాన వరండాలో చేరేవాళ్లు. మొదట ఒకరి వైపు ఒకరు చూసేవాళ్లు కాదు. తర్వాత ఒకే చాయ్ కెటిల్ తిరిగేది. తల్లులు కూర్చున్న చోటికి చైన్లు పట్టుకుని రావడానికి పిల్లలకు మొహం చెల్లేది కాదు.

రెండేళ్లకు యూనియన్ వాళ్లు అడిగితే కంపెనీ సంక్షేమ అధికారి ఒకాయన కట్ట పక్కన ఖాళీగా ఉన్న ఒక గది పిల్లల కోసం ఇప్పించి, తాళంచెవి ఐలవ్వకు ఇచ్చాడు. ఒక క్యారం బోర్డు, నాలుగు చాపలు, కుండలో నీళ్లు. తాగొచ్చిన తండ్రి కొడితే ఇంట్లోంచి పారిపోయినవాళ్లు, ఎవరినో కొట్టాలని పళ్లు కొరుకుతున్నవాళ్లు, ఊరికే దిగులుగా ఉన్నవాళ్లు వచ్చేవాళ్లు. ఎందుకొచ్చావని ఎవరూ అడగకూడదు. ఐలవ్వ చాటలో చిక్కుడుకాయలు పోసి ముందు పెట్టేది. "ఈనెలు తియ్యి బిడ్డా." సగం చాట అయ్యేసరికి లోపలిది బయటికి వచ్చేది. గులాం అలీ సెలవు రోజుల్లో వచ్చి పాత ఇంజను విప్పి చూపించేవాడు. ఎవడైనా పిడికిలి బిగిస్తే, "అరే భాయ్, ఆ జోరు ఈ నట్టు మీద పెట్టు" అనేవాడు.

అన్నీ కుదరలేదు. తొంభై రెండులో ఓదేలు అనే పిల్లవాడు పోయాడు. మెత్తని పిల్లవాడు, క్యారం ఆడితే గెలిచి కూడా సిగ్గుపడేవాడు. ఆ పొద్దు ఎవరో సెలవు పెడితే ఐలవ్వ వాళ్ల బదులు డ్యూటీకి వెళ్లింది, గదికి తాళం ఉంది. ఓదేలు వచ్చి అరుగు మీద కూర్చున్నాడని, చాలాసేపు కూర్చుని లేచి పోయాడని ఎదురుగా కూరగాయలమ్మే ఆమె చెప్పింది. సాయంత్రానికి పట్టాల మీద దొరికాడు.

ఐలవ్వ తర్వాత గది తియ్యలేదు. డ్యూటీకి పోయేది, వచ్చేది, మంచంలో గోడవైపు తిరిగి పడుకునేది. గులాం అలీ వచ్చి, "చెల్లె, వచ్చి బతికినోళ్లను గూడ లెక్కపెట్టుకో" అన్నాడు. సారవ్వ వచ్చి వంట చేసి పెట్టి పోయేది. మందమర్రిలో కాపురముంటున్న కూతురు వచ్చి తీసుకుపోతానంటే సరే అన్నది. సంచి కూడా సర్దుకుంది.

వెళ్లే ముందురోజు రాయమల్లు వచ్చాడు. ఆరేళ్ల తర్వాత. గడప బయటే నిలబడ్డాడు.

"తాళంచెవి ఇయ్యి అవ్వా."

ఆమె లేచి కూర్చుంది. "నీకెందుకు?"

"నాది ఇప్పుడు రాత్రి షిఫ్టు. పగలు నాకు నిద్ర పట్టదు. నువ్వు డ్యూటీల ఉన్నప్పుడు నేను కూసుంట." తర్వాత కింద చూస్తూ అన్నాడు. "ఆ రోజు నువ్వు నన్ను దూది పట్టుకొని కూసోబెట్టకపోతె, నేను గూడ జైల్లనే ఉందు. నా పెండ్లాం పిల్లలు రోడ్డు మీద ఉందురు. నాకు చెప్పుడు రాదు, అందుకే ఇన్నొద్దులు రాలే."

ఐలవ్వ తాళంచెవి ఇవ్వలేదు. తనే చెప్పులేసుకుని అతనితో నడిచింది. ఇద్దరూ కలిసి గది ఊడ్చారు. ఓదేలు కూర్చున్న అరుగు దగ్గర ఆమె చీపురు ఆగింది. రాయమల్లు చీపురు తీసుకుని ఆ అరుగు తానే కడిగాడు. అప్పుడు ఐలవ్వ ఏడ్చింది, ఇన్ని రోజులకు.

అప్పటికే సదయ్య శిక్ష పూర్తై వచ్చి, జ్యోతినగర్ దారిలో సొంతంగా సైకిల్ షాపు పెట్టుకున్నాడు. రాయమల్లు ఉన్నంతసేపు గది వైపు వచ్చేవాడు కాదు. దారిలో ఎదురుపడితే ఇద్దరూ తలలు తిప్పుకునేవాళ్లు. మీరిద్దరూ కలవండని ఐలవ్వ ఎన్నడూ అనలేదు. కొమురెల్లి మాత్రం ఒకసారి సదయ్య షాపుకు పోయి, చెయిన్ బిగించమని సైకిల్ అక్కడ పెట్టి, ఏమీ మాట్లాడకుండా బీడీ కాల్చుకుని వచ్చాడని చెప్పుకున్నారు.

తొంభై ఐదు వానల్లో ఒక పొద్దు సదయ్య పరుగెత్తుకుంటూ గదికి వచ్చాడు. పదహారేళ్ల పిల్లవాడి భుజం పట్టుకుని లాక్కొస్తున్నాడు. తన షాపులో పనిచేసేవాడు. వాడు సీసా పగలగొట్టుకుని ఎవరి మీదికో పోతుంటే సదయ్య ఆపాడు, అందులో అతని అరచెయ్యి తెగింది. లోపల ఐలవ్వ లేదు. తలుపు దగ్గర రాయమల్లు ఉన్నాడు.

ఇద్దరూ నిలబడిపోయారు. సదయ్య చేతి నుంచి వాననీళ్లతో కలిసి రక్తం కారుతోంది.

"నన్ను చూసి వద్దనకు అన్నా" అన్నాడు సదయ్య. "వీన్ని కూసోబెట్టుకో. నేను పోత."

రాయమల్లు తువ్వాల తీసి అతని అరచేతికి చుట్టాడు. గట్టిగా ముడి వేశాడు. "నువ్వు గూడ లోపలికి రా" అన్నాడు. "వాడు నీ మాటనే ఇంటడు."

ఐలవ్వ డ్యూటీ దిగి వచ్చేసరికి ముగ్గురూ చాప మీద ఉన్నారు. పిల్లవాడు నిద్రపోతున్నాడు. పెద్దవాళ్లిద్దరూ బాయిల గురించి, మూసేస్తారన్న ఇంక్లైన్ గనుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆమె స్టవ్వు వెలిగించి చాయ్ పెట్టింది. చక్కెర ఎక్కువైందని తర్వాత నాతో చెప్పి నవ్వింది.

తొంభై తొమ్మిదిలో ఆమె రిటైరైంది. దవాఖానలో శాలువా కప్పి, మాట్లాడమని మైకు ఇస్తే, "నాకు మాటలు రావు" అని వెనక్కి ఇచ్చేసింది. మందమర్రికి రమ్మని కూతురు మళ్లీ అడిగింది. ఈసారి నెలకు నాలుగు రోజులు వెళ్లి వచ్చేలా ఒప్పుకుంది. వెళ్లే రోజు స్టేషన్‌కు సదయ్య సంచి మోశాడు, కొమురెల్లి టికెట్టు తీశాడు. రైలు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి ఆమె అరిచిన మాట ప్లాట్‌ఫారం మీద అందరికీ వినిపించింది:

"గదిల పొయ్యి మీద పప్పు పెట్టిన, దించుండ్రి!"